చెన్నక్క యల పొడి

మా ఆయనకున్న నమ్మకాల్లో అన్నిటికంటే గట్టిది ఒకటుంది. కర్నూలు, కడప జిల్లాల్లో అన్నంలో పొడి కలుపుకొనే ప్రతి మనిషికీ మా మామగారి పేరు తెలుసని. మా మామగారు నాగసుబ్బయ్య. బేతంచెర్లలో ఆయన మొదలుపెట్టిన చెనక్కాయల పొడి వ్యాపారాన్నే ఇప్పుడు మా ఆయన సుదర్శన్ నడుపుతున్నాడు. నడపడమంటే గల్లా దగ్గర కూర్చొని ఫోన్లు మాట్లాడడం, వచ్చినవాళ్లందరికీ వాళ్ల నాయన గొప్పలు చెప్పడం. చెనక్కాయలంటే వేరుశెనగలే; ఆ పప్పులు వేయించేది, మిరపకాయలు ఏరేది, ఎల్లిపాయ ఎంత పడాలో, దంచింది ఎంత బరకగా ఉండాలో చూసేది నేను. నా పేరు సుందరలక్ష్మి. ఈ సంగతి నేనే చెప్పుకోవాలి, మా ఇంట్లో ఇంకెవరూ చెప్పరు.

గొడవ కవరుతో మొదలైంది. ఇన్నాళ్లూ మా పొడి పల్చటి ప్లాస్టిక్ కవర్లో, లోపల ఒక రంగు కాగితం చీటీతో అమ్ముడుపోయేది. ఇప్పుడు జిప్పు ఉండే దళసరి పౌచులు చేయించాలని మా అమ్మాయి శ్రీవాసవి పట్టుబట్టింది. అది కర్నూలులో బీకాం చదివి వచ్చి, ఫోన్లో ఆర్డర్లు తీసుకొనే పని నెత్తికెత్తుకుంది. పౌచు మీద ఏ పేరు పెద్దగా ఉండాలో సోమవారానికల్లా హైదరాబాదులో అచ్చువేసేవాళ్లకు చెప్పాలి. ఒకసారి అచ్చు సిలిండరు చెక్కించాక పేరు మార్చడానికి కుదరదట.

"ఇంకేం పేరు? 'నాగసుబ్బయ్య' అని ఈ చివర్నుంచి ఆ చివరికి వేయమను," అన్నాడు మా ఆయన.

"నాయనా, తాత పేరు బనగానపల్లె దాటితే ఎవురికి తెలుసు?" అంది శ్రీవాసవి.

అంతే, మా ఆయన తింటున్న కంచం ముందర నుంచి లేచి నిలబడ్డాడు. వాళ్ల నాయన ప్యాసింజరు రైల్లో పొడి మూట పెట్టుకొని స్టేషను స్టేషనుకీ దిగి అమ్మిన కథ మొదలైంది. ఆ కథ మా ఇంటి గోడలకు కూడా నోటికొచ్చు. కానీ ఈసారి చెబుతుంటే ఆయన గొంతు వేరుగా ఉంది. ఎందుకో నాకు తెలుసు. మామగారు పోయి ఇంకా ఏడాది నిండలేదు. బతికున్నన్నాళ్లూ తండ్రీకొడుకులకు పొద్దుగూకులూ కీచులాటే. ఉప్పు బస్తా యాడ దించాలన్న దగ్గర కూడా పోట్లాడుకొనేవాళ్లు. ఎదురుగా ఉన్నప్పుడు ఈయన ఆయన్ని ఒక్క మంచి మాట అనలేదు. ఆ మాటను ఇప్పుడు పౌచు మీద అచ్చు వేయించి బాకీ తీర్చుకోవాలని ఈయన ఆశ. అది తెలిసే నేను నోరు మెదపలేదు.

మా అమ్మాయికి అంత ఓపిక లేదు. పొడికి 'క్రంచీ సీమ' అని పేరు పెడతానంది.

"పొడి క్రంచీగా ఎట్లుంటాదే?" అన్నాను.

"అది నీకర్థం కాదులేమ్మా," అంది.

చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. శనివారం కడపకు పోవాలి. మేమెవరమో చెప్పకుండా అంగళ్లలో నాగసుబ్బయ్య పొడి కావాలని అడగాలి. ఒక్క అంగడిలో ఆ పేరు తెలిసినా నాగసుబ్బయ్య. తెలియకపోతే క్రంచీ సీమ. నన్ను ఎవరూ అడగలేదు. కడప చూసి చాలా కాలమైందని నేనూ కారెక్కి కూర్చున్నాను.

బనగానపల్లెలోనే మా ఆయన కారు ఆపించాడు. బజారులో ఒక అంగడి ముందు దిగాడో లేదో, లోపలి నుంచి "ఏమప్పా సుదర్శనూ, ఇట్ల వచ్చినావే!" అని కేక. మా ఆయన వెనక్కి తిరిగి కూతురి వైపు ఒక చూపు చూశాడు.

"ఆయనకు నువ్వు తెలుసు నాయనా, పొడి కాదు. అయినా మన వ్యాను ఈడికి వస్తాది. ఇది లెక్కలోకి రాదు," అంది అది. ఆ పిల్ల కోర్టులో ఉండాల్సింది.

కోయిలకుంట్లలో, జమ్మలమడుగులో కూడా దిగి చూస్తానన్నాడు. కడప అంటే కడపే అని కూతురు బండి ఆపలేదు. దారి పొడవునా మా ఆయన అద్దంలోంచి బోర్డులు చదువుతూ, "ఈడ మా నాయన బంధువులుండేవాళ్లు, ఈడ తెలియకుండా ఎట్లుంటాది," అని గొణుగుతూ వచ్చాడు.

కడపలో వైవీ స్ట్రీటులో కారు పెట్టడానికి చోటు దొరికేసరికే పొద్దు నెత్తి మీదికొచ్చింది. మొదటి అంగడిలో మా ఆయన గొంతు సవరించుకొని, "నాగసుబ్బయ్య పొడి ఉండాదా అప్పా?" అన్నాడు.

"పండ్లపొడా సార్? ఎదురుగా ఆయుర్వేదం అంగడుంది సూడండి. ఆడ దొరుకుతాది."

శ్రీవాసవి అటు తిరిగి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. రెండో అంగడాయన మంచివాడే, టీవీలో కనపడే పొడుల పేర్లన్నీ ఊపిరి తిప్పుకోకుండా చదివాడు. "వీటిల్లో ఏది కావాలన్నా ఇస్తా సార్. మీరు చెప్పేది నేనెప్పుడూ వినల్యా," అన్నాడు.

"బేతంచెర్లది అప్పా. శానా పాతది. నాగసుబ్బయ్య అని పెద్ద మనిషి," అని మా ఆయన గుర్తులు చెప్పడం మొదలుపెట్టాడు. తప్పిపోయిన మనిషి కోసం పోలీసు స్టేషనుకు వచ్చినట్టు ఉంది. శ్రీవాసవి చేయి పట్టుకొని బయటికి లాక్కొచ్చింది.

ఆ తర్వాత అంగడిలో అసలు వినోదం జరిగింది. పేరు వినగానే అక్కడి కుర్రాయన, "అయ్యో, నిన్ననే అయిపాయ సార్. సోమవారం వస్తాది," అన్నాడు.

మా ఆయన ఒక జానెడు పొడుగు పెరిగాడు. నడుం మీద చేతులు పెట్టుకొని కూతురి వైపు తిరిగి, "ఇప్పుడేమంటావు?" అన్నాడు. నాకూ సంతోషమేసింది. పోనీలే పాపం, గెలవనీ అనుకున్నాను.

మా పిల్ల మాత్రం ఊరుకోలేదు. "బాగుంటాదా అన్నా ఆ పొడి?" అని తీపిగా అడిగింది.

"సూపరుంటాదమ్మా. నీలం ప్యాకెట్టు. బకెట్లో రవ్వంత వేస్తే సాలు, నురగే నురగ."

ఆ వీధిలో అంతమంది మధ్య నేను కొంగు నోట్లో కుక్కుకొని నవ్వాను. శ్రీవాసవి ఏకంగా కారు బానెట్టు మీద వాలిపోయింది. మా ఆయన మాత్రం నవ్వలేదు. ఇంకో నాలుగైదు అంగళ్లు తానొక్కడే తిరిగి వచ్చాడు. కారులో కూర్చొని చెమట తుడుచుకుంటూ, "ఇంత పెద్ద ఊరు... ఒక్కనికి కూడా తెలీదంట," అన్నాడు. అప్పుడు నాకు నవ్వు ఆగిపోయింది. ఆయన్ను ఎన్ని మాటలన్నా నేనే అనాలి గానీ, ఊరు అంటే నాకు బాధే.

ఆకలి ముందర ఎవరైనా చల్లబడాల్సిందే. బైపాసు మీద బండల డిపోల వరసలో ఒక మెస్సు కనపడింది. బేతంచెర్ల నుంచి నాపరాయి బండలు దించిన లారీలు దాని ముందర ఆగి ఉన్నాయి. మాకు నీచు పనికిరాదు కదా అని నేను తలుపు దగ్గరే తటపటాయిస్తుంటే, లోపలి నుంచి ఒకామె కొంగు బిగించుకుంటూ వచ్చి, "రాండమ్మా, శనివారం ఈడ నీచుండదు. సంగటి, పప్పు, బుడంకాయ కూర," అంది. ఆమె పేరు తిరుపతమ్మ. మెస్సు ఆమెదే. వడ్డించేదీ, గద్దించేదీ, గల్లా చూసేదీ అన్నీ ఆమే.

వేడి సంగటి ముద్ద పడింది. పప్పు పడింది. తర్వాత తిరుపతమ్మ ఒక స్టీలు డబ్బా మూత తీసి, చెంచాడు పొడి నా విస్తట్లో వేసింది.

వాసనకే నాకు తెలిసిపోయింది. నా చేత్తో వేయించిన పప్పు నాకు తెలియకుండా పోతుందా? ఇనప పెనం మీద సన్న సెగన పొట్టు దానంతటదే విడేదాకా నిలబడి వేయించిన వాసన అది. వేళ్లతో నలిపి చూశాను. అదే బరక. నాలుక మీద వేసుకున్నాను. మా వీధిలో తప్ప ఇంకెక్కడా మా పొడిని ఎవరైనా తింటుండగా నేను చూడలేదు. ఇక్కడ చూస్తే లారీ డ్రైవర్లు ముద్దలో గుంత చేసి, నూనె పోసుకొని, నా పొడి కలిపి వేళ్లు నాక్కుంటున్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి, కారానికి కాదు.

మా ఆయనకూ తెలిసిపోయింది. ముఖం చేటంతైంది. కూతురి మోచేతిని పొడిచి, "ఇప్పుడు సూడు," అన్నట్టు కనుబొమలెగరేశాడు. తర్వాత ఏమీ ఎరగనివాడిలా అడిగాడు.

"ఏమ్మా, పొడి బ్రమ్మాండంగా ఉండాదే. ఎవురిది?"

"చెన్నక్కది," అంది తిరుపతమ్మ.

"ఎవురిది?"

"చెన్నక్కదన్నా! చెన్నక్క తెలీదా? యా ఊరు మీది?" ఆమెకు మా మీద జాలేసింది. "బేతంచెర్ల చెన్నక్క. ఈ బైపాసు మీద యా మెస్సులోనైనా అడుగు, చెన్నక్క యల పొడి లేకుండా ముద్ద దిగదు ఈళ్లకు. తాడిపత్రి పక్క, అనంతపురం పక్క కూడా ఇదే అంట. ఇదో, ఈ ఏసన్న బండల లారీలో తెచ్చిస్తాడు నాకు."

పక్క బల్ల మీద తింటున్న డ్రైవరు ఏసన్న తలెత్తాడు. "బేతంచెర్ల రైల్వే గేటు కాడ టీ అంగట్లో పెట్టెలు పెట్టెలు కొంటామన్నా. బండలు యాడికి పోతే ఆడికి పోతాది చెన్నక్క."

మా పొడి టీ అంగడి వాళ్లు అంతంత ఎందుకు కొంటారా అని మేము అప్పుడప్పుడు అనుకునేవాళ్లం. టీతో తింటారేమో అని మా ఆయన తేల్చేశాడు. ఇప్పుడు ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఆ చెన్నక్క... ఎట్లుంటాది?" అని శ్రీవాసవి మెల్లగా అడిగింది.

"నేను సూసినా గదా పాపా," అన్నాడు ఏసన్న. "ఎర్రగా, పొడుగ్గా, తలుపు నిండా ఉంటాది మనిషి. ముక్కుపుడక మెరుస్తాంటాది. ఎక్కువ మాట్లాడదు."

నేను పొట్టి, నలుపు. మాట్లాడకుండా ఉన్న రోజు లేదు.

"ఆమె కష్టం శానా పెద్దదిలేమ్మా," అంటూ తిరుపతమ్మ నా పక్కన బల్ల చివర కూర్చుంది. "మొగుడు క్వారీలో పనికి పోయి, బండ మీద పడి సచ్చిపోయినాడు. చిన్న చిన్న పిల్లోళ్లు. ఎవురి కాడా చేయి సాపల్యా ఆమె. చెనక్కాయలు వేయించి, పొడి దంచి, నెత్తిన పెట్టుకొని క్వారీ క్వారీకీ తిరిగి అమ్మింది. అట్ల నిలబడింది."

మా ఆయనకు పొలమారింది. శ్రీవాసవి వాళ్ల నాయన నెత్తి మీద తట్టి నీళ్లిచ్చింది. క్వారీలో చచ్చిపోయిన మనిషి నీళ్లు తాగి, గ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టాడు.

"మరి నాగసుబ్బయ్య ఎవురో తెలుసా మీకు?"

"ఆయనెవురు?"

"కవరు మీద ఉంటాది గదా పేరు!"

తిరుపతమ్మ లోపలికి పోయి ఒక ఖాళీ కవరు తెచ్చింది. కాసేపు దాన్ని దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది. "ఓ, ఈ కింద సన్న అచ్చరాలా? అది ప్రెస్సోళ్ల పేరనుకుంటిమే!"

ఆ కవరు నా చేతికొచ్చింది. పెళ్లయినప్పటి నుంచి వేల వేల కవర్లలో ఆ చీటీ పెట్టి ఉంటాను. ఆ రోజు మొదటిసారి చదివినట్టు చదివాను. పైన వంపుగా, పెద్ద పెద్ద ఎర్ర అక్షరాల్లో 'చెనక్కా' అని ఉంది. దాని కింద ముక్కుపుడక పెట్టుకొన్న ఒక ఆడమనిషి ముఖం. ఆ ముఖం కింద 'యల పొడి' అని ఉంది. మా మామగారు డోన్లో ఒక చిన్న ప్రెస్సులో వేయించిన చీటీ అది. చెనక్కాయ బొమ్మ వాళ్ల దగ్గర లేకపోతే, ఎప్పటిదో కుంకుమ పొట్లం మీది బొమ్మ ఉంటే అది వేశారట. అక్షరాలు పెద్దవై ఒక వరసలో పట్టక చెనక్కాయల్ని సగానికి విరిచి, సగం బొమ్మకు పైన, సగం బొమ్మకు కింద పెట్టారు. అచ్చయింది పారేస్తామా అని మామగారు తెచ్చేశారు. ఆ తర్వాత ఎప్పుడు వేయించినా 'పాతదాని మాదిరే' అన్నారు. మాకు అందులో ఉన్నదేమిటో ముందే తెలుసు గనుక చెనక్కాయల పొడి అనే కనపడేది. తెలియనివాళ్లకు అక్కడ ఒక మనిషి, ఆ మనిషి నెత్తి మీద ఆమె పేరు కనపడ్డాయి.

"యల పొడి అంటే ఏంది మరి?" అని అడిగాను, నవ్వు ఆపుకోలేక.

"యల అంటే బండ సందుల్లో పండే చెనక్కాయమ్మా," అన్నాడు ఏసన్న ఏమాత్రం తడుముకోకుండా. "మామూలు చేన్లలో రాదు అది."

శ్రీవాసవి బల్ల మీద తల పెట్టేసింది. నేను కూడా నవ్వేదాన్నే, కానీ మా ఆయన లేచి నిలబడ్డాడు. ముఖం ఎర్రబడింది.

"చెన్నక్కా లేదు, గిన్నక్కా లేదు! బేతంచెర్లలో అట్లాంటి మనిషే లేదు! ఇది చెనక్కాయల పొడి. చె-న-క్కా-య-ల! అచ్చుతప్పు! మా నాయన నాగసుబ్బయ్య పెట్టిన వ్యాపారం ఇది. ఆ బొమ్మ కుంకుమ పొట్లానిది!"

ఏసన్న గబగబా విస్తట్లోకి చూసుకున్నాడు. తిరుపతమ్మ మా ఆయన ముఖాన్నీ, కవరునూ మార్చి మార్చి చూసింది. పెదాలు కదిపి ఒక్కో అక్షరం చదువుకుంది. ఆమెకు అర్థమైంది.

"లేదా?" అంది. ఆ గొంతులో అంతకు ముందున్న గద్దింపు లేదు. "మా ఆయన పోయినప్పుడు నాకు దిక్కు తోచల్యా అన్నా. అప్పుడే ఎవురో చెన్నక్క సంగతి చెప్పినారు. ఆమె చేసింది గదా, నేను చేయలేనా అనుకొని ఈ పొయ్యి ముట్టించినా. ఏదన్నా కష్టమొస్తే ఆమెను తలుసుకుంటాంటి." తర్వాత కవరును అరచేత్తో సాపు చేసి బల్ల మీద పెట్టింది. "అయితే ఈ పొడి ఎవురు చేస్తాండారు? మిషనా?"

మా ఆయన మీద నాకు చాలాసార్లు కోపం వచ్చింది గానీ, ఆ నిమిషంలో వచ్చినంత ఎప్పుడూ రాలేదు. ఒక ఆడమనిషి పట్టుకొని నిలబడిన గుంజను అక్షరం అక్షరం పీకి పడేశాడు. ఇప్పుడు ఏం చెబుతాడో కూడా నాకు తెలుసు. ఎవరడిగినా ఎప్పుడూ చెప్పేదే. 'మా కంపెనీ చేస్తాది' అంటాడు.

ఆయన నోరు తెరిచాడు. తిరుపతమ్మ వైపు చూశాడు. తర్వాత ఎందుకో నా చేతుల వైపు చూశాడు. మిరపకాయల మంటకు నా వేళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి.

"మిషను కాదమ్మా," అన్నాడు మెల్లగా. "మనిషే. ఇదో, ఈమె. నా పెండ్లాము."

నేను చేతులు బల్ల కిందికి లాక్కున్నాను.

"మా నాయన మంచోడే గానీ, ఆయన పొడి వట్టి ఉప్పు. స్టేషన్లలో ఒకసారి కొన్నోడు మళ్ల కొనేవాడు కాదు. ఈమె మా ఇంటికొచ్చి పెనం చేతికి తీసుకున్నాకనే ఇది పొడి అయింది. ఇప్పటికీ ఈమె నోట్లో వేసుకొని సరే అంటేగాని కవర్లోకి పోదు. ఈ మాట నేను యాడా చెప్పల్యా ఇంతవరకూ. చెన్నక్క ఉండాదమ్మా. ఈమే చెన్నక్క."

ఇన్నేళ్లు కాపురం చేసి, ఈ మాట వినడానికి నేను కడప బైపాసు దాకా రావాల్సి వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. తిరుపతమ్మ నా రెండు చేతులూ తీసుకొని, వాసన చూసి, కళ్లకు అద్దుకుంది.

"క్షమించు తల్లీ, నీ మొగుణ్ణి సంపేసినాము," అంది.

"నువ్వు చెప్పిన చెన్నక్కంత కష్టం నేను పడలేదు తిరుపతమ్మా. ఇదో, ఈయన ఉన్నాడు," అన్నాను.

"మొగుడు లేనిదాని కష్టం ఒకటే కష్టం. మొగుడుండేదానికి ఆయన్ను కూడా సాకాల గదమ్మా, ఇంకా ఎక్కువ!"

మెస్సంతా ఒక్కసారి ఘొల్లుమంది. అందరికంటే పెద్దగా నవ్వింది మా అమ్మాయి. ఏసన్న చేయి కడుక్కొని వచ్చి నన్ను కిందికీ పైకీ చూశాడు. "నేను చెప్పల్యా? అచ్చం ఇట్లనే ఉంటాదని!" అన్నాడు. సిగ్గన్నది ఏ కోశానా లేదు మహానుభావుడికి.

తిరుపతమ్మ నా విస్తట్లో ఇంకో సంగటి ముద్ద వేసింది. నెయ్యి తెచ్చి గుంత నిండా పోసింది. వద్దన్నా వినలేదు. నేను తింటుంటే శ్రీవాసవి వాళ్ల నాయన పక్కకు జరిగి, "సోమవారం వాళ్లకు ఏం చెప్పమంటావు నాయనా?" అంది. దాని గొంతులో క్రంచీ సీమ ఎక్కడా లేదు.

ఆయన ఆ ఖాళీ కవరును చేతిలోకి తీసుకున్నాడు.

"చెన్నక్క అని వేయమను. ఈ చివర్నుంచి ఆ చివరికి."

"తాత పేరు?"

"కిందనే ఉండనీ, ప్రెస్సోళ్ల పేరు మాదిరి. అచ్చేపిచ్చినోడు ఆయనే గదా." నవ్వుతూనే అన్నాడు. కవరును మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "తప్పు అచ్చేపిచ్చినా, మీ అమ్మకు పేరు పెట్టి పోయినాడు సూడు. మంచి పని చేసినాడప్పా మా నాయన. శానా మంచి పని చేసినాడు."

వాళ్ల నాయన గురించి ఆయన కథలు నేను వందసార్లు విన్నాను. కానీ అంత నెమ్మదిగా, ఎవరికీ గొప్ప చెప్పుకోకుండా అన్న మాట మాత్రం అదొక్కటే. పక్క బల్ల మీది మనిషికి పప్పు గిన్నె అందకపోతే, మా ఆయనే ఎడం చేత్తో తీసి అందించాడు.

మేము లేచేసరికి మెస్సు ముందర జనం చేరిపోయారు. చెన్నక్క వచ్చిందని ఎవరో డిపోల్లో చెప్పేశారు. బండలు దించే కూలీలు, డ్రైవర్లు, పక్క అంగడి టైరు పంక్చరాయన అందరూ వచ్చారు. ఏసన్న నన్ను తన లారీ ముందర నిలబెట్టాడు. తిరుపతమ్మ నా భుజం మీద చేయి వేసుకొని నిలబడింది. మా ఆయన కూడా వచ్చి నా పక్కన నిలబడబోతే ఒక డ్రైవరు ఆపాడు.

"అన్నా, నువ్వు పక్కకు జరుగు. చెన్నక్క ఫొటోకి అడ్డమొస్తాండావు. ఇదో, ఈ ఫోను పట్టుకొని నువ్వే తియ్యి."

నాగసుబ్బయ్య అండ్ సన్స్ యజమాని కిమ్మనకుండా ఫోను తీసుకొని ఎండలోకి నడిచాడు. ఒక కన్ను మూసి, ఒంగి, మమ్మల్నందరినీ దగ్గరికి జరగమని సైగ చేశాడు. "సుందరీ, కొంచెం నగు," అన్నాడు.

"అదేందన్నా, చెన్నక్కను పేరు పెట్టి పిలుస్తాండావు! నువ్వెవురు అసలు?" అన్నాడు కొత్తగా వచ్చిన ఒక డ్రైవరు.

మా ఆయన ఫోను దించకుండానే జవాబు చెప్పాడు.

"నేనా? ఆమె మొగుణ్ణప్పా. క్వారీలో బండ పడి సచ్చిపోయినాడంటారే, ఆయన నేనే."